నవ్వే ముందు ఒక లెక్క

షార్క్ ట్యాంక్ ఇండియా టీవీ షోలో మాలెగావ్ యువకుడు పురుగుమందు కొట్టే బండిని చూపిస్తే దేశమంతా మెచ్చుకుంది. జడ్జీల్లో ఒకరైన పీయూష్ బన్సల్ పెట్టుబడీ పెట్టారు. అదే బండి మన యానాంలో గోదారి గట్టు మీద కనిపిస్తే మాత్రం ‘పనీపాటా లేదు’ అనేస్తాం. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం కూడా అలాంటి మాటలు పడ్డవారే. చీర నేతకు చేత్తో దారం ఆసుపోసే తల్లి భుజాల నొప్పి చూడలేక, 1999లో ఆ పని చేసే ఆసుయంత్రం పూర్తిచేశారు. 2017లో పద్మశ్రీ వచ్చాక గానీ చాలామందికి ఆయన పేరు తెలియలేదు. ఇలాంటి షోలో పోటీదారుడి ఇంగ్లీషు తడబడితే నవ్వే ప్రేక్షకుడు, జడ్జీలకంటే ముందే లాభనష్టాలు తేల్చేస్తున్నాడు. నిజానికి ఎవరి ఒంటినొప్పి తగ్గుతుందన్నదే మొదటి లెక్క. టీవీ కట్టేశాక మన వీధి మెకానిక్ షెడ్డులో కొత్తదేదైనా కనిపిస్తే, నవ్వకుండా ఆగి అడగండి.