ముందు అనుమతి కాదు, తర్వాత తనిఖీ

ఢిల్లీ అశోకా రోడ్ 1వ నంబరు, ఆంధ్రా భవన్ క్యాంటీన్. పప్పన్నం కలుపుకుంటున్న మనవాళ్లలో ఎయిమ్స్‌కో సఫ్దర్‌జంగ్‌కో వచ్చినవాళ్లు ఒకరిద్దరైనా కనిపిస్తారు. మాటల్లో పడితే "అప్రూవల్ వచ్చిందా?" అన్న ప్రశ్న రాక మానదు. అదే రోడ్డు మీద నేను తరచూ వినే మాట ఇంకొకటుంది: ప్రీఆథ్ (చికిత్సకు ముందు తీసుకునే అనుమతి) సడలిస్తే ఆరోగ్యశ్రీ, ఆయుష్మాన్ భారత్ డబ్బంతా దొంగ బిల్లుల పాలవుతుందని. బోధనాసుపత్రుల విషయంలో ఈ వాదన తప్పు. రేపటి డాక్టర్లకు చేటు కూడా.

భయం ఉత్తిది కాదు. ఆయుష్మాన్ భారత్‌లో 9999999999 అనే ఒక్క ఫోన్ నంబరుకు దాదాపు 7.5 లక్షల మంది పేర్లు ముడిపడి ఉన్నాయని 2023లో కాగ్ బయటపెట్టింది. చనిపోయినట్టు నమోదైనవాళ్లకు వైద్యం చేశామన్న క్లెయిములూ దొరికాయి. కానీ ఆ క్లెయిములు ప్రీఆథ్ కాపలా ఉండగానే గేటు దాటాయి. పట్టుకున్నది తర్వాత జరిగిన తనిఖీయే.

బోధనాసుపత్రిలో రాత్రి డ్యూటీలో ఉన్న పీజీ రోగిని పరీక్షిస్తాడు, స్కాన్ చూస్తాడు, ఆపరేషన్ అవసరమని ఒక నిర్ణయానికొస్తాడు. పొద్దున రౌండ్స్‌లో యూనిట్ చీఫ్ "ఎందుకు? ఆగితే ఏమవుతుంది?" అని నిలదీస్తాడు. ఆ నిలదీతలోనే పీజీ డాక్టరవుతాడు. ఇప్పుడా గంటలు ప్రీఆథ్ కోసం ఫొటోలు, రిపోర్టులు అప్‌లోడ్ చేయడానికి, వచ్చిన క్వెరీకి జవాబు రాయడానికి పోతున్నాయి. అనుమతిచ్చే, రోగి ముఖమైనా చూడని మనిషి దగ్గర ఏ మాట రాస్తే కేసు పాసవుతుందో కుర్రాడు నేర్చుకుంటాడు. జబ్బు తీరుకన్నా ముందు ప్యాకేజీ పేరు గుర్తొచ్చే డాక్టరు మనకెందుకు? అప్రూవల్ వచ్చేసరికి ఆ పీజీ ఇంకో యూనిట్‌కి మారితే, తాను మొదలుపెట్టిన కేసు చివర ఏమైందో చూడనే చూడడు. మంచం పక్కన కూర్చున్న కూలీ మనిషికి పోయిన రోజుకూలి సంగతి సరేసరి.

ప్రభుత్వాసుపత్రుల్లో ఆరోగ్యశ్రీ సొమ్ములో వైద్యబృందానికీ వాటా ఉంది, కాబట్టి ఆశ ఉండదని నేననను. అయితే అక్కడ ప్రతి కేసునూ పదిమంది చూస్తారు, చర్చిస్తారు, పీజీ లాగ్‌బుక్‌లో రాస్తాడు. దూరాన కంప్యూటరు ముందు కూర్చున్న కన్నుకన్నా అది గట్టి కాపలా.

ప్రీఆథ్ భారం తగ్గించే ప్రయత్నం బయటా జరుగుతోంది. అమెరికాలో పేదల ఆరోగ్య పథకం మెడికెయిడ్ అనుమతులకు 2026 నుంచి గడువు పెట్టారు: అత్యవసరమైతే 72 గంటలు, మామూలువాటికి 7 రోజులు. టెక్సాస్ 2021లోనే ఇంకో అడుగు వేసింది. అది ప్రైవేటు బీమాకు సంబంధించిన చట్టమే అయినా దారి అదే: ఒక చికిత్సకు నూటికి కనీసం 90 అభ్యర్థనలు పాసైన డాక్టరును ఇక ముందుగా అడగరు.

2007లో మొదలైన మన ఆరోగ్యశ్రీలోనూ అత్యవసరమైతే ఫోన్లోనే అనుమతి ఇచ్చే పద్ధతి ఉంది. ఆ నమ్మకాన్ని బోధనాసుపత్రులకు విస్తరించమంటున్నాను. యూనిట్ చీఫ్ సంతకం ఉంటే చికిత్స మొదలుపెట్టనివ్వండి. తర్వాత చెప్పాపెట్టకుండా కేసు షీట్లు తీయండి, లాగ్‌బుక్‌తో పోల్చండి, రోగి ఇంటికెళ్లి అడగండి. మోసం దొరికిన యూనిట్‌కు సడలింపు తీసేయండి, డబ్బు తిరిగి రాబట్టండి. మిగతా యూనిట్లలో పీజీని రోగి మంచం దగ్గరే ఉండనివ్వండి.