మేకపాలకు గిరాకీ సరే, దాణా సంగతేమిటి?

వానలు పడి దోమలు ముసిరితే చాలు, దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ నుంచి జనం బండ్లేసుకొని మన ఊళ్లకు మేకపాల కోసం వస్తారు. డెంగీలో ప్లేట్‌లెట్లు పెరుగుతాయని వాళ్ల నమ్మకం. దానికి గట్టి శాస్త్రీయ రుజువు లేదు. గిరాకీ పోతుందని ఆ మాట దాచొద్దు. పాలు కాచుకొని తాగమని కూడా చెప్పాలి, పచ్చిపాలతో బ్రూసెల్లా జ్వరం అంటుకునే ప్రమాదముంది. అయితే కాచినా పోనిది ఒకటుంది. ఈ నెల దాని గురించే మాట్లాడుకుందాం.

అబ్దుల్లాపూర్‌మెట్ గుట్టల మీద తుమ్మ, జమ్మి, రేగు మేసి మేకలు వాటి తిండి అవే చూసుకునేవి. ఔటర్ రింగురోడ్డు వచ్చాక మేత భూములు వెంచర్లయ్యాయి, ప్రహరీలు లేచాయి. మేకను కట్టేసి మక్కలు, తవుడు, పల్లిచెక్క పెట్టక తప్పడం లేదు. (బాచారం, గౌరెల్లి వైపు మూసీ మురుగునీటితో పెరిగే పారాగడ్డి సంగతి వేరే సంచికలో రాస్తాం.) చిక్కంతా చెక్కతోనే. తడిసి బూజు పట్టిన సరుకు చౌకగా వస్తుంది, పశువుకేగా అని తెచ్చేస్తాం.

ఆ బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండొచ్చు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే, కారణం వెతకగా బూజు పట్టిన పల్లిచెక్క దగ్గర తేలింది. మనుషుల్లో ఇది కాలేయ కేన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సర్ పరిశోధనా విభాగం నిర్ధారించింది. హెపటైటిస్ బి కూడా ఉన్నవారికి ముప్పు ఎన్నో రెట్లు. మేక తిన్న విషంలో కొంత భాగం రూపం మార్చుకొని ఒక్క రోజులోనే పాలలోకి దిగుతుంది. కాచితే పోదు. దాణా మారిస్తే మాత్రం మూడు నాలుగు రోజుల్లో పాలు శుభ్రపడతాయి.

కేన్సర్ కణాల మీద ఉండే గుర్తులను, అంటే యాంటిజెన్లను, పట్టుకునే పరిశోధన మనకెందుకు అనుకోవద్దు. తల్లి కడుపులో ఉన్నప్పుడు బిడ్డ కాలేయం ఆల్ఫా ఫీటోప్రోటీన్ అనే పదార్థం చేస్తుంది, పుట్టాక అది దాదాపు ఆగిపోతుంది. కాలేయ కేన్సర్ కణాలు దాన్ని మళ్లీ మొదలుపెడతాయని 1963లో సోవియట్ శాస్త్రవేత్త అబెలెవ్ ఎలుకల్లో, మరుసటి ఏడు తతారినోవ్ మనుషుల్లో కనిపెట్టారు. నేటికీ రక్తపరీక్షలో దాన్నే చూస్తారు. ఆ పరీక్షకు ఆధారం యాంటీబాడీలు. ప్రపంచంలోని ల్యాబులు యాంటీబాడీలను మేకల రక్తం నుంచి కూడా తీస్తాయి. మేక మనకు పాలూ మాంసమే ఇస్తుందనుకుంటాం!

అదే పద్ధతితో పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పల్లీలో అఫ్లాటాక్సిన్ కనిపెట్టే చవక కిట్టు తయారుచేసింది. మన ఇంటికి ఒక పూట ప్రయాణం దూరంలో పుట్టిన పరీక్ష మన మండల పశువైద్యశాలకు ఎందుకు రాలేదు? పాలలో ఈ విషం లీటరుకు అర మైక్రోగ్రాము దాటరాదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ నిబంధన. తప్పు దొరికితే పట్టుకునేది పాలు పోసేవాడినే. సంచుల్లో చెక్క అమ్మేవాడి దగ్గర నమూనా ఎవరు తీయాలి? 2019 పశుగణనలో రాష్ట్రంలో మేకలు సుమారు 49 లక్షలు. అయినా 2017 నాటి సబ్సిడీ పథకం గొర్రెలనే పంచింది, మేకను లెక్కలోకి తీసుకోలేదు.

అందుకే ప్రభుత్వాన్ని అడుగుతున్నాం: మండల స్థాయిలో ఉచిత దాణా పరీక్ష పెట్టాలి, చెక్క సంచి మీద పరీక్ష ఫలితం ముద్రించాలి, మిగిలిన గుట్టలనైనా మేతకు వదలాలి.

ఈలోపు మన చేతిలో ఉన్నది చేద్దాం. చెక్కను నేల మీద కాకుండా బల్ల మీద, గోడకు దూరంగా పెట్టండి. వాసన మారినా, పచ్చగా బూజు కనిపించినా ఎండబెట్టి వాడొద్దు. ఎండకు బూజు పోతుంది గానీ విషం పోదు. గట్ల మీద అవిసె, సుబాబుల్ వేసుకుంటే చెక్క అవసరమే తగ్గుతుంది. వచ్చే నెల సమావేశానికి చెక్క కొన్న రసీదులు, గుప్పెడు నమూనా పట్టుకురండి. వాటిని పెట్టుకొనే పశుసంవర్ధక అధికారుల దగ్గరికి వెళ్దాం.