హైదరాబాద్ మందు మన వాడలకు చేరుతుందా?

హెచ్‌ఐవీ సోకకుండా ముందే కాపాడే లెనకాపవిర్ ఇంజెక్షన్ ఏడాదికి రెండుసార్లు తీసుకుంటే చాలు. దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో జరిపిన పరీక్షల్లో ఈ మందు తీసుకున్న 2,134 మంది యువతుల్లో ఒక్కరికీ వైరస్ సోకలేదని 2024లో తేలింది. 2025 జులైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని సిఫారసు చేసింది.

అమెరికాలో దీని ధర ఏడాదికి 28 వేల డాలర్ల పైనే. జనరిక్ మందును 2027 నుంచి 40 డాలర్లకే పేద, మధ్యాదాయ దేశాలకు అందించేలా ఒప్పందాలు కుదిరాయి. దాన్ని తయారుచేసే డాక్టర్ రెడ్డీస్, హెటెరో రెండూ హైదరాబాద్ కంపెనీలే. కాబట్టి ధరను ఇక సాకుగా చూపలేరు. ఎవరికి ఇస్తారన్నదే అసలు ప్రశ్న.

మన దేశంలో హెచ్‌ఐవీ నివారణ కార్యక్రమం ప్రధానంగా ‘హైరిస్క్ గ్రూపుల’ చుట్టూ తిరుగుతుంది. వలస వెళ్లొచ్చే భర్త ఉన్న దళిత కూలి మహిళ ఆ జాబితాలో ఉండదు. ఆమెకు ప్రమాదం ఇంట్లోనే ఉంది. కండోమ్ వాడాలంటే భర్త ఒప్పుకోవాలి, అడిగితే అనుమానాలు, దెబ్బలు. జోగినీ దురాచారాన్ని 1988లోనే చట్టం నిషేధించింది. దానికి బలైనవారిలో అత్యధికులు దళిత స్త్రీలే. సేవల కోసం సెక్స్ వర్కర్‌గా పేరు రాయించుకోవాలంటే ఊళ్లో మరో ముద్ర మోయాలి.

నివారణకు రోజూ వేసుకునే మాత్రలు ఇదివరకే ఉన్నాయి. కానీ ఇంట్లో డబ్బా కనబడితే ‘ఎయిడ్స్ ఉంది’ అంటారు. అయినా కోల్‌కతా, మైసూరుల్లో సెక్స్ వర్కర్ల సంఘాలే పూనుకుని వెయ్యి మందికి పైగా మహిళలకు ఆ మాత్రలు అందించాయి. వారిలో ఎవరికీ వైరస్ సోకలేదు. పేద స్త్రీలు మందులు సరిగా వాడరనే మాటకు ఇదే జవాబు.

అయితే మందు రావడం ఒక్కటే చాలదు. 2009లో ఖమ్మం జిల్లాలో ఆదివాసీ బాలికలకు హెచ్‌పీవీ టీకా వేసినప్పుడు, ఎన్నో సమ్మతి పత్రాలపై తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. అది మళ్లీ జరగకూడదు.

అందుకే మేం అడిగేది ఇది: ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, అడిగిన ప్రతి మహిళకూ, ఏ ముద్రా వేయకుండా ఈ మందు ఇవ్వాలి. దాని మేలు, పరిమితులు తెలుగులో వివరించాలి. ఇతర సుఖవ్యాధులను, గర్భాన్ని ఇది ఆపదనీ చెప్పాలి. 2017 హెచ్‌ఐవీ చట్టం ప్రకారం పరీక్షకు ఆమె సమ్మతి తీసుకోవాలి, వివరాలు గోప్యంగా ఉంచాలి. అమలులో జోగినీ, దళిత మహిళా సంఘాలకు భాగం ఉండాలి.

జాబితాలో పేరు లేదని ఈరోజు ఆమెను వెనక్కి పంపితే, రేపు అదే పేరును ఏఆర్‌టీ కేంద్రం రిజిస్టర్‌లో రాయాల్సి రావచ్చు.