గ్రూపు సందేశానికీ ఓ రూపం కావాలి

రెండు తెలుగు రాష్ట్రాల్లో ఆఫీసు పని ఇప్పుడు చాలావరకు వాట్సాప్ గ్రూపుల్లోనే నడుస్తోంది. టీచర్ల శిక్షణ తేదీలు, ఆశా కార్యకర్తల సర్వే వివరాలు, సచివాలయ సిబ్బందికి సమావేశం కబురు అన్నీ ఫోన్‌లోకే వస్తున్నాయి. హైదరాబాద్ ఐటీ కంపెనీల్లో ఆ పని స్లాక్, టీమ్స్ చేస్తున్నాయి. పాత సర్క్యులర్‌లో విషయం, సూచిక, తేదీ, సంతకం ఎక్కడుండాలో అక్కడే ఉండేవి. దాని స్థానంలోకి వచ్చిన సందేశానికి తరచూ తలా తోకా ఉండడం లేదు. పొడవాటి పేరా ఒకటి వచ్చి పడుతుంది, అసలు గడువు దాని అడుగున ఎక్కడో ఉంటుంది.

సాధనాలు లేక కాదు. మాటకు రెండు వైపులా ఖాళీ వదలకుండా స్టార్ గుర్తు పెడితే అక్షరాలు బోల్డ్ అయ్యే సౌకర్యం వాట్సాప్‌లో 2016 నుంచీ ఉంది. 2024 ఫిబ్రవరిలో అంకెల జాబితాలు, చుక్కల జాబితాలు కూడా వచ్చాయి.

ఈ గుర్తుల వెనక, నొక్కి చెప్పాల్సిన మాటకు రెండు వైపులా స్టార్లు పెట్టే ఈమెయిల్ రోజుల అలవాటు ఉంది. దాన్నే ఆధారం చేసుకుని 2004లో జాన్ గ్రూబర్, సాదా అక్షరాలకు గుర్తులతోనే రూపమిచ్చే మార్క్‌డౌన్ పద్ధతిని తెచ్చారు. జనం వీటికి ఎంతగా అలవాటు పడ్డారంటే, 2019 నవంబరులో స్లాక్ గుర్తుల బదులు బటన్లతో సందేశం రాసే కొత్త పెట్టె తెస్తే ప్రోగ్రామర్లు గట్టిగా అభ్యంతరం చెప్పారు. కొద్ది వారాల్లోనే పాత పద్ధతి ఎంచుకునే వీలు కల్పించక తప్పలేదు.

తెలుగులో రాసేవారికి బోల్డ్ అవసరం మరీ ఎక్కువ. ఇంగ్లిష్‌లోలా పెద్దక్షరాలతో ఒక మాటను నొక్కి చెప్పే వీలు మన లిపికి లేదు. ఇటాలిక్ కూడా మనకు నప్పదు, గుండ్రటి అక్షరాలు పక్కకు వాలితే ఒత్తులు పోల్చుకోవడం కష్టం. అలాగని సందేశమంతా బోల్డ్ చేస్తే ఏదీ ప్రత్యేకంగా కనబడదు. గడువు, స్థలం, బాధ్యుల పేరు, ఈ మూడింటికీ అది చాలు. చాట్‌బాట్ రాసిచ్చినదాన్ని యథాతథంగా అతికించేవారు మరో జాగ్రత్త తీసుకోవాలి. చాట్‌బాట్లు సాధారణంగా వాడే మార్క్‌డౌన్‌లో బోల్డ్‌కు రెండేసి స్టార్లు, వాట్సాప్‌లో ఒక్కొక్కటే. సరిచేయకుండా పంపితే సందేశం నిండా స్టార్లే మిగులుతాయి.

తేదీ మారినప్పుడు పాతదాన్ని కొట్టివేత గీతతో వదిలేయడం ఇంకా ప్రమాదం. చూపులేని ఉద్యోగులు స్క్రీన్ రీడర్‌తో సందేశాలు వింటారు. ఆ గీత సంగతి చాలా సందర్భాల్లో అది చెప్పదు, రద్దయిన తేదీనే చదివి వినిపిస్తుంది. ‘మారిన తేదీ’ అని మాటల్లో రాసి కొత్త సందేశం పంపడమే సరైన పద్ధతి.

వాట్సాప్ గ్రూపులో 1,024 మంది దాకా ఉండొచ్చు. పంపేవారు ఒక్క నిమిషం ఆదా చేసుకుంటే, అంతమందీ తలో నిమిషం వెతుక్కోవాలి. అందులో పొలం గట్ల మీద సర్వే చేస్తూ ఎండలో ఫోన్ చూసుకునేవారూ ఉంటారు. కాబట్టి మార్పు ఆదేశాలిచ్చేవారి నుంచే రావాలి. మొదటి వరుసలో విషయం, రెండో వరుసలో గడువు, ఆపైన ఎవరేం చేయాలో అంకెలు వేసి రాయడం ప్రతి కార్యాలయంలోనూ నియమం కావాలి. సందేశం చూడలేదని కింది ఉద్యోగికి మెమో ఇచ్చే ముందు, తాను పంపింది ఆ నియమం ప్రకారమే ఉందో లేదో పై అధికారి సరిచూసుకోవాలి.