ఆకాశపు హద్దు

“హద్దు” అనే మాట మన కళాశాలలోని ఉభయ భాషలకూ సొత్తు. అరబ్బీలో పుట్టి, ఉర్దూ ద్వారా తెలుగులో ప్రవేశించి, పొలం గట్టు మీద, దస్తావేజులలో, పెద్దల మందలింపులలో స్థిరపడిన పదమిది. భూమి మీది హద్దుకు రాయి ఉంటుంది, గట్టు ఉంటుంది, కంచె ఉంటుంది. ఆకాశంలోని హద్దుకు ఇవేవీ ఉండవు. అయినప్పటికీ అది ఉన్నది. దానిని దాటినవాడు శిక్షకు పాత్రుడు. ఒక్కొక్కప్పుడు ప్రాణాపాయానికి కూడ గురి కావలసినవాడు. కంటికి కనిపించని ఈ హద్దు విషయంలో దాటేవాని బాధ్యత యెంత, కాచేవాని బాధ్యత యెంత? తెలుగు పాఠం చెప్పేవానికి విమానాలతో పనేమి అని విద్యార్థులు నవ్వవచ్చును. కాని ఇది విమానాలకు మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు.

2005 మే 11వ తేదీన అమెరికాలో జరిగిన ఒక సంఘటనను చూడండి. పెన్సిల్వేనియా రాష్ట్రంలోని స్మోక్‌టౌన్ నుండి నార్త్ కరోలినాలోని లంబర్టన్‌కు ఇద్దరు వ్యక్తులు సెస్నా 150 అనే చిన్న విమానంలో బయలుదేరారు. ఒకరు లైసెన్సు గల పైలట్. మరొకరు శిక్షణలో ఉన్నవారు. వారి మార్గానికి చేరువలోనే రాజధాని వాషింగ్టన్ చుట్టూ నిషిద్ధ గగనతలం ఉన్నది. దారి తప్పి వారందులో ప్రవేశించారు. అధ్యక్ష భవనానికి సుమారు మూడు మైళ్ళ దూరం వరకు వచ్చారు. ఆ భవనాన్నీ, శాసనసభా భవనాన్నీ హడావుడిగా ఖాళీ చేయించారు; వేలాది మంది వీధులలోకి పరుగెత్తారు. ఎఫ్-16 యుద్ధ విమానాలు లేచి వెలుగు గుళ్ళను వదలి హెచ్చరించాయి. చివరకు ఆ చిన్న విమానాన్ని మేరీలాండ్‌లోని ఫ్రెడెరిక్‌లో దింపించారు. వారికి దురుద్దేశం లేదని తేలింది. పైలట్ లైసెన్సును మాత్రం ప్రభుత్వం రద్దు చేసింది.

దారి తప్పడం అంత సులభమా అని సందేహం కలుగవచ్చు. చాల సులభం. విమానం ముక్కు ఒక దిక్కుకు ఉంటుంది. గాలి దానిని మరొక దిక్కుకు నెడుతుంది. గంటకు వంద మైళ్ళు పోయే విమానానికి ఇరవై మైళ్ళ వేగం గల గాలి పక్క నుండి వీస్తూ ఉంటే, దానిని సవరించుకొననివాడు గంట గడిచేసరికి ఇరవై మైళ్ళు పక్కకు జరిగిపోతాడు. గాలిని లెక్కించినా, దిశలో ఒక్క డిగ్రీ పొరపాటు పడితే అరవై మైళ్ళ ప్రయాణంలో ఒక మైలు తేడా వస్తుంది. పైనుండి చూస్తే ఒక నది మరొక నది వలెనే ఉంటుంది. ఒక రహదారి మరొక రహదారి వలెనే ఉంటుంది. అందుచేతనే పైలట్ నేల మీద ఉండగానే పటం పరచి, నిషిద్ధ ప్రాంతాలను గుర్తించి, ఆనాటి గాలిని, ఆనాటి ప్రకటనలను తెలిసికొని, హద్దుకు తగినంత ఎడంగా దారి గీసికొనవలెను. గీతను ఒరుసుకొంటూ పోవడం నేర్పు కాదు, దుస్సాహసం.

కనుక ఆ లైసెన్సు రద్దు న్యాయమేనని నా అభిప్రాయం. తెలియకపోవడం తప్పు కాకపోవచ్చును. తెలిసికొనవలసిన స్థానంలో ఉండి తెలిసికొనకపోవడం తప్పే. నేడు వాషింగ్టన్ చుట్టూ ముప్పై నాటికల్ మైళ్ళ వలయంలో ప్రవేశించదలచినవాడు ముందుగా ప్రయాణ ప్రణాళిక దాఖలు చేయవలెను. తనకిచ్చిన నాలుగంకెల సంకేతాన్ని ప్రసారం చేయవలెను. రేడియోలో అధికారులతో సంబంధం పెట్టుకొనవలెను.

అయితే నాణేనికి రెండవ వైపు ఉన్నది. 2001 ఏప్రిల్ 20న పెరూ దేశంలో క్రైస్తవ ప్రచారకుల చిన్న సెస్నా విమానాన్ని మాదకద్రవ్యాల రవాణా విమానంగా పొరపడి ఆ దేశపు వాయుసేన కాల్చింది. ఒక తల్లి, ఆమె పసిబిడ్డ మరణించారు. అంతకు చాల ముందే, 1983 సెప్టెంబరు 1న, దారి తప్పిన కొరియా ప్రయాణికుల విమానాన్ని సోవియట్ యుద్ధ విమానం కూల్చగా 269 మంది మరణించారు. ఆ దుర్ఘటన దరిమిలా 1984లో చికాగో ఒడంబడికకు ఒక నిబంధన చేర్చారు. ఎగురుతున్న పౌర విమానంపై ఆయుధం ప్రయోగించరాదని దాని సారాంశం. అది 1998లో అమలులోకి వచ్చింది. పెరూలో కాల్పులు అటు తరువాతనే జరిగాయన్నది మరువరాదు. శాసనం కాగితం మీద ఉంటే చాలదు. అది ఆయుధం పట్టిన చేతిలో కూడ ఉండవలెను.

2001 సెప్టెంబరు 11 తరువాత ఇంత ఓర్పు చెల్లదని కొందరు వాదిస్తారు. వారి భయం అకారణమని నేననను. విమానాలే ఆయుధాలైన రోజు అది. కాని 2005లో ఆ రాజధానిని కాచినవారికి ఆ రోజు మనకంటె బాగా జ్ఞాపకం ఉన్నది. అయినను వారు తొందరపడలేదు. హెచ్చరించారు, దారి చూపించారు, దింపి ప్రశ్నించారు. ఇద్దరు అమాయకులు బ్రతికారు. రాజధానికి ఏ హానీ జరుగలేదు. అనుమానించడం కావలివాని ధర్మం. అనుమానాన్నే తీర్పుగా భావించడం మాత్రం అధర్మం. అనుమానితుడు ఎవరైనను, ఎక్కడివాడైనను ఈ మాట వర్తిస్తుంది.

ఈ విషయం మనకు దూరమైనది కాదు. నేడు పెళ్ళి ఊరేగింపుల మీద కూడ డ్రోన్లు ఎగురుతున్నాయి. మన దేశంలో 2021 నాటి డ్రోన్ నియమాలు ఆకాశాన్ని ఆకుపచ్చ, పసుపుపచ్చ, ఎరుపు మండలాలుగా విభజించాయి. ఆ పటం ప్రభుత్వ డిజిటల్ స్కై వేదికపై అందరికీ అందుబాటులో ఉన్నది. దానిని చూడకుండ ఎగురవేసే విద్యార్థికీ, వాషింగ్టన్ వైపు దారి తప్పిన పైలట్‌కూ భేదం స్వల్పమే. పటం చదవడం, గాలిని లెక్కించడం, నియమం తెలిసికొనడం నేర్పే ఒక తరగతిని ఏడాదికి ఒక్క దినమైనా ఏర్పాటు చేయవలసిందిగా కళాశాల కమిటీవారిని కోరుతున్నాను.

ఎగిరేవాడు హద్దు తెలిసికొనవలెను. కాచేవాడు తన అధికారానికి కూడ ఒక హద్దు ఉన్నదని తెలిసికొనవలెను. ఈ రెండింటిలో ఏ ఒక్కటి లోపించినా ఆకాశం ఎవరికీ క్షేమకరం కాదు.