చిన్న కంప్యూటరుకు పెద్ద ప్రాసెసరు పడుతుందా?

కావలి, అల్లూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు ప్రాంతాలలో చిన్న కంప్యూటర్ల వాడకం పెరిగింది. జిరాక్సు షాపుల్లో, రొయ్యల మేత దుకాణాల్లో, విద్యార్థుల ఇళ్లలో ఒకప్పుడు బల్ల కింద సగం చోటు మింగిన ఇనుప పెట్టె స్థానంలో ఇప్పుడు లావుపాటి పుస్తకమంత డబ్బా కనిపిస్తోంది. వీటిలో కొత్తగా కొన్నవి తక్కువే. పెద్ద కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడి టోకున వదిలించుకున్న డెల్ మైక్రో, హెచ్‌పీ మినీ, లెనోవో టైనీ రకాలు చెన్నై రిచీ వీధి వంటి చోట్ల చేతులు మారి ఇక్కడికి చేరుతున్నాయి. ధర అందుబాటులో ఉంటుంది, కరెంటు తక్కువ కాలుతుంది. ఇందులో తప్పుపట్టవలసింది ఏమీ లేదు.

తప్పుపట్టవలసింది అమ్మేటప్పుడు చెప్పే ఒక మాటను. ‘ఇప్పటికి ఇది తీసుకో అన్నా, రేపు కావాలంటే ప్రాసెసరు మార్చుకోవచ్చు’ అన్నది ఆ మాట. అందులో పావు వంతు నిజం ఉంది. మిగిలిన ముప్పావు కొన్నవారి నెత్తిన పడుతోంది.

ఈ సంగతి ఇప్పుడే ఎందుకు ముఖ్యమైందంటే, విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. వ్యక్తిగత వినియోగదారులు నమోదు చేసుకుంటే భద్రతా సవరణలకు మరో ఏడాది గడువు ఇచ్చారు. 2021లో వచ్చిన విండోస్ 11 ఇంటెల్ ప్రాసెసర్లలో సాధారణంగా 8వ తరం నుంచే పనిచేస్తుందని ఆ సంస్థ నిబంధన పెట్టింది. దానితో 6, 7 తరాల యంత్రాలను కార్యాలయాలు వదిలించుకోక తప్పలేదు. అక్కడ పనికిరావన్న సరుకే ఇక్కడ బేరానికి వస్తోందన్న మాట. ‘ప్రాసెసరు మారిస్తే విండోస్ 11 వస్తుంది’ అన్న భరోసాతో కొనేవారు లేకపోలేదు.

అసలు మార్చడం సాధ్యమేనా? ముందుగా చూడవలసింది ప్రాసెసరు బోర్డులో ఎలా ఉన్నదన్నది. కొన్ని చిన్న కంప్యూటర్లలో దాన్ని బోర్డుకే సోల్డరింగు చేసి అతికిస్తారు. ఇంటెల్ కంపెనీ నక్ అనే పేరుతో అమ్మిన చిన్న యంత్రాలలో ఎక్కువ భాగం ఈ కోవలోవే. 2023లో ఇంటెల్ ఆ వ్యాపారం నుంచి తప్పుకుని అసుస్ కంపెనీకి అప్పగించింది. యాపిల్ వారి మ్యాక్ మినీ కథ ఇంకా చిత్రం. 2006 నాటి మ్యాక్ మినీలో ప్రాసెసరును ఊడదీసి మెరుగైనది పెట్టుకున్నవారు ఉన్నారు. 2020లో వచ్చిన ఎం1 యంత్రంలో ప్రాసెసరే కాదు, మెమరీ కూడా కదలదు. ఇటువంటి వాటి విషయంలో ఇక చర్చ అనవసరం.

డెల్, హెచ్‌పీ, లెనోవోల కార్యాలయ రకాలలో మాత్రం సాకెట్ ఉంటుంది. మూత తీసి, ఫ్యాను విప్పి, ప్రాసెసరును బయటికి తీయవచ్చు. అమ్మేవారి మాటలో నిజమైన పావు వంతు ఇదే. చిక్కంతా ఆ తర్వాత వస్తుంది. ఇంటెల్ 6, 7 తరాల ప్రాసెసర్లకు 1151 కొనల సాకెట్ ఉంది. 2017లో వచ్చిన 8వ తరానికీ అదే 1151 కొనల సాకెట్. చూడటానికి అచ్చం ఒకటే, చోటు కూడా సరిపోతుంది. కానీ లోపల కరెంటు పంపిణీ మార్చారు, బోర్డు మీద ఉండవలసిన సహాయక చిప్పు కూడా వేరు. 6వ తరం బోర్డులో 8వ తరం ప్రాసెసరు పెడితే యంత్రం మేలుకోదు. పేరు ఒకటే గదా అని పక్క ఊరి పిల్లను చూసి వచ్చినట్టు ఉంటుంది ఈ వ్యవహారం.

కాబట్టి 6వ తరం ఐ3 ఉన్న డబ్బాలో అదే తరం ఐ5, ఐ7 పెట్టుకోవచ్చు. బోర్డులోని బయోస్ ప్రోగ్రాము కొత్తదై, తయారీదారు అనుమతించి ఉంటే 7వ తరం కూడా పడవచ్చు. రెండు కోర్ల ఐ3-6100టీ స్థానంలో నాలుగు కోర్ల ఐ7-6700టీ పెడితే వేగంలో తేడా తెలుస్తుంది. విండోస్ 11 అర్హత మాత్రం రాదు. ఏ అవసరానికి డబ్బు పెట్టారో అది తప్ప మిగిలినవి సమకూరుతాయి.

తరం కలిసినా వేడి సంగతి మిగిలే ఉంది. పేరు చివర ‘టీ’ అక్షరం ఉన్న ప్రాసెసర్లు 35 వాట్లవి. అక్షరం లేని మామూలు రకాలలో ఎక్కువ 65 వాట్లవి. చిన్న డబ్బాలోని ఫ్యాను, రాగి రేకు, బయటి అడాప్టరు 35 వాట్లకు లెక్కకట్టి అమర్చినవై ఉంటే 65 వాట్లది పెట్టి లాభం లేదు. వేడెక్కగానే ప్రాసెసరు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. వేసవిలో నెల్లూరు ఎండ ఎలా ఉంటుందో జిల్లావాసులకు చెప్పనక్కరలేదు. తీరంలో అయితే దీనికి ఉప్పుగాలి తోడవుతుంది. ఇస్కపల్లి ఉప్పు కొటార్ల పక్కన, మైపాడు ఇసుక మీద ఇనుము ఎంతకాలం నిలుస్తుందో అందరూ చూస్తున్నదే. వెంట్రుకలంత సన్నని సాకెట్ కొనలను ఆ గాలిలో, ఆ చెమట చేతులతో, దుమ్ము నిండిన బల్ల మీద విప్పడం సాహసమే. ఒక్క కొన వంగినా బోర్డు మొత్తం పోయినట్లే.

తెప్పలు పోయి ఫైబరు బోట్లు వచ్చినప్పటి నుంచి మత్స్యకారులకు ఈ లెక్క బాగా తెలుసు. ఎక్కువ శక్తి గల ఇంజను దొరికిందని ఎవరూ తెచ్చి బిగించరు. వెనుక పలక తట్టుకుంటుందా, ఆయిలు ఖర్చు గిడుతుందా అని చూస్తారు. కంప్యూటరు దగ్గరికి వచ్చేసరికి అదే మనిషి ‘కుర్రాళ్లు చెప్పారు’ అని నమ్మేస్తున్నాడు.

నిజానికి పాత చిన్న కంప్యూటరు నెమ్మదించడానికి చాలాచోట్ల కారణం ప్రాసెసరు కాదు. తిరిగే పాత హార్డ్‌డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ పెడితే, 4 జీబీ మెమరీని 8కో 16కో పెంచితే ఆన్ చేసిన నిమిషంలోనే తేడా కనిపిస్తుంది. ఈ రెండూ ఈ రకం డబ్బాలలో సులువుగా మారతాయి. మెమరీ ల్యాప్‌టాపుల్లో వాడే పొట్టి పలకే. వీటికి ఖర్చు చేసిన తర్వాత కూడా చాలకపోతే, ప్రాసెసరు వెతకడం మాని ఉన్నదాన్ని అమ్మి 8వ తరం యంత్రం తీసుకోవడమే మేలు. డెల్‌లో 3060, 7060 మైక్రో రకాలు 2018 నాటివి, ఈ కోవలోవే.

విండోసే ఎందుకు, లినక్స్ వాడవచ్చు గదా అనేవారున్నారు. చదువుకునే పిల్లలకు అది మంచి సలహాయే. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఏళ్ల తరబడి లినక్స్ మీదనే నడుస్తున్నాయి. అయితే అను ఫాంట్లతో, పేజ్‌మేకర్‌తో పెళ్లి పత్రికలు వేసి బతికే డీటీపీ షాపువారికి ఆ దారి అంత తేలిక కాదు. వారి పొట్ట విండోస్‌తో ముడిపడి ఉంది. మోసపోతే ఎక్కువ నష్టపోయేదీ వారే.

ఇదంతా సాంకేతిక విధి అనుకోవడం కూడా సరికాదు. ఏఎండీ కంపెనీ 2016లో తెచ్చిన ఏఎం4 సాకెట్‌ను పలు తరాల పాటు కొనసాగించింది. ఆ సాకెట్‌తో ఏఎస్‌రాక్ కంపెనీ డెస్క్‌మినీ అనే చిన్న డబ్బాను కూడా అమ్మింది. చిన్నదైనంత మాత్రాన మార్చడానికి వీలు లేకుండా చేయనక్కరలేదని దీనివల్ల రుజువవుతోంది. తయారీదారులు తలచుకోవడం లేదు, కొనేవారు అడగడం లేదు.

అడగవలసినవారిలో మొదటివారు టోకున కొనే కళాశాలలు, పంచాయతీలు, సహకార సంఘాలు. టెండరు పత్రంలో ‘ఐ5, 8 జీబీ’ అని రాసి ఊరుకుంటే తరం ఏదైనా అంటగట్టవచ్చు. ప్రాసెసరు పూర్తి పేరు, సాకెట్ ఉందా లేదా, గరిష్ఠంగా ఎన్ని వాట్లు పడుతుంది, అడాప్టరు ఎంత అన్న నాలుగు వరసలు చేర్చడానికి ఖర్చేమీ కాదు. పాత సరుకు అమ్మే దుకాణదారులు కూడా ఇవే వివరాలు బిల్లు మీద రాసి ఇవ్వాలి. ‘అప్‌గ్రేడ్ చేసుకోవచ్చు’ అని బోర్డు పెట్టేవారు మెమరీయా, డిస్కా, ప్రాసెసరా అన్నది చెప్పి తీరాలి. వారిలో చాలామందికి మోసం చేసే ఉద్దేశం లేదు. ఆ తేడా వారికీ ఎవరూ చెప్పలేదు.

అందాకా కొనేవారు చేయగల పని ఒకటుంది. డబ్బు ఇవ్వకముందు యంత్రాన్ని ఆన్ చేయించి ప్రాసెసరు పేరు చదవాలి. ఐ5-6500టీ అని ఉంటే గీత తర్వాతి 6 తరం సంఖ్య. అక్కడ 6గానీ 7గానీ ఉంటే, రేపు ఏదో మారుతుందన్న మాటకు ఒక్క రూపాయి కూడా అదనంగా ఇవ్వనక్కరలేదు.