పాముల గదిలో నిలబడిన అమ్మాయి

ఈ నెల మిమ్మల్ని నాతో కూడ హైదరాబాదు జూకు తీసుకొని వెళ్తాను. పాస్టరుగారికి జూతో ఏమి పని అని నవ్వకండి. 2024 జనవరిలో మా సంఘపు సండే స్కూలు పిల్లలను, వారి వెంట కొందరు తల్లులను, ఇద్దరు ముసలమ్మలను వ్యానులో ఎక్కించుకొని వెళ్ళాము. అంతకుముందు ఒకసారి వెళ్ళి గేటు దగ్గర నుండే తిరిగి వచ్చాము. సోమవారం జూకు సెలవని నాకు తెలియలేదు. ఆ రోజు పిల్లలు నన్ను చూచిన చూపు ఇంకా మరువలేదు.

మీర్ ఆలం చెరువు పక్కనున్న ఆ నెహ్రూ జంతు ప్రదర్శనశాల 1963 అక్టోబరులో ప్రజలకు తెరిచారు. దాదాపు 380 ఎకరాలు. ఏనుగు దగ్గర, సింహాల దగ్గర ఎంత సేపు నిలిచామో, ఎవరు తప్పిపోయి మరల దొరికారో చెప్పుకుంటూ పోతే ఈ పేజీ చాలదు. పాములను ఉంచిన చోటికే వస్తాను.

అక్కడ అద్దాల ముందు జనం ఒత్తుకొని ఉన్నారు. ఒకాయన ఉంగరం పెట్టుకున్న వేలితో అద్దం మీద టకటక కొడుతున్నాడు. పాము కదలలేదు. "చచ్చిందేమో" అన్నాడు. పక్కనే జూ తరపున వచ్చినవారితో మాట్లాడే ఒక అమ్మాయి నిలబడి ఉంది. ఇరవై అయిదేళ్ళు ఉంటాయేమో. కొట్టవద్దని ఆమె గద్దించలేదు. "అన్నా, దీనికి మనలాగా బయటికి చెవులు లేవు. నేల అదిరితే మాత్రం ఒళ్ళంతటితో పసిగడుతుంది. మీరు కొట్టే ప్రతి దెబ్బా దానికి తెలుస్తూనే ఉంది, పోవడానికి దానికి దారి లేదు" అన్నది. ఆయన చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

మా పిల్లలు దూరంగా గోడకు ఆనుకున్నారు. ఆమె వారి ముందు మోకాళ్ళ మీద కూర్చొని, సంచిలోనుండి ఒక పాము కుబుసం తీసి అరచేతిలో పరచింది. "ఇది పాము విప్పి పారేసిన చొక్కా. ముట్టుకుంటారా?" ముందు ఒకడు వచ్చాడు, తరువాత అందరూ వచ్చారు. కంటి మీది పొర కూడ అందులో ఊడి రావడం చూపించింది. అయిదు నిమిషాలలో గోడ దగ్గర ఎవరూ లేరు.

పాము పాలు తాగదని ఆమె చెప్పినప్పుడు మా ముసలమ్మ ఊరుకోలేదు. "తాగదా బిడ్డా? మేము దేవునిలకు రాకముందు మా ఇంట్ల పుట్టల పాలు పోస్తుంటిమి గదా!" అన్నది. నేనైతే అక్కడ ఒక ప్రసంగం మొదలుపెట్టేవాణ్ణే. ఆ అమ్మాయి మాత్రం, "పోసినప్పుడు పాము తాగుతుంటే చూసినవా అవ్వా?" అని అడిగింది. అవ్వ ఆలోచించింది. "లేదు బిడ్డా, పోసి ఇంటికి వస్తుంటిమి." అంతే, చుట్టూ ఉన్నవారు నవ్వారు, అవ్వ కూడ నవ్వింది. అప్పుడు చెప్పింది: పాము ఎలుకను, కప్పను మింగే జీవి, పాలు దాని ఆహారం కాదు, పాములవాళ్ళు రోజుల తరబడి నీళ్ళు ఇవ్వకుండా ఉంచి తెచ్చిన పాము దాహానికి ఏది పోసినా నోరు పెడుతుందని. జెర్రిపోతు ఆవు కాళ్ళను చుట్టుకొని పాలు తాగుతుందని మన ఊళ్ళలో అంటారు కదా, అదీ ఇలాంటిదే. విషం లేని ఆ పామును కర్రలతో చంపి, తరువాత గాదెలో ఎలుకలు పెరిగాయని మందు పెట్టుకుంటాము.

మధ్యాహ్నం జనం పలచబడ్డాక ఆమెతో కొంచెం మాట్లాడాను. మీ పని ఏమిటమ్మా అని అడిగాను. "సార్, జనం పామును చూడడానికి వస్తారు, నా పాఠం వినడానికి రారు. ఒక నిమిషం నిలబడతారు, పిల్లవాడు ఏడిస్తే అదీ ఉండదు. ఆ నిమిషంలో ఇంటికి తీసుకొనిపోయే మాట ఒక్కటి ఇవ్వాలి. పది చెబితే ఒక్కటీ పోదు" అన్నది. ముప్పావు గంట ప్రసంగించి, బయటికి వచ్చిన తరువాత వాక్యభాగము ఏదని అడిగితే చెప్పలేని సంఘము గల కాపరిని నేను. తల దించుకొని విన్నాను.

ఇంకా చెప్పింది. ఎదుటివారు ఏమి నమ్ముతున్నారో ముందు అడగాలట. మనకు తెలిసినది వారి మీద కుమ్మరిస్తే చేతులు కట్టుకొని నిలబడతారట. పొద్దుటి నుండి సాయంత్రం వరకు అదే ప్రశ్న వంద మంది అడుగుతారు, వందో మనిషికి అది మొదటి ప్రశ్నే కదా అన్నది. జంతువులను బోనులో పెట్టి చూపడం న్యాయమా అని కొందరు కోపంగా అడుగుతారట. దానికి కూడ ఆమె వాదన పెట్టుకోదు. 1992లో ఏర్పడిన కేంద్ర జూ అథారిటీ నియమాల ప్రకారము అంతరించిపోయే జంతువులను కాపాడడము, ప్రజలకు నేర్పడము జూల బాధ్యతలని చెబుతుందట. "నేర్పకపోతే అడిగినవాళ్ళదే న్యాయం సార్" అన్నది. ఆ మాట నాకు నచ్చింది.

అప్పుడు ఆమె నన్ను ఒక కట్లపాము ముందుకు తీసుకొని వెళ్ళింది. నల్లగా మెరుస్తూ, సన్నని తెల్లని అడ్డగీతలతో ఒక మూల చుట్టుకొని ఉంది. "నా పనిలో అన్నిటికంటె ముఖ్యమైన చోటు ఇదే. నాగుపాము, రక్తపింజరి, చిన్న పింజరి కరిస్తే నొప్పి, వాపు మనిషిని పరుగెత్తిస్తాయి. ఇది రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్ళను కరుస్తుంది. చీమ కుట్టినట్టు ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు. వాపు రాదు. కడుపునొప్పి అంటారు, తరువాత కనురెప్పలు వాలిపోతాయి, మింగలేరు, ఊపిరి ఆగుతుంది."

నేను అద్దానికి దూరంగా జరిగి కూర్చున్నాను. పాఠకులారా, ఈ సంగతి ఇంతవరకు ఎక్కడా వ్రాయలేదు. 2011 వానాకాలంలో నేను పరిచర్య చేస్తున్న ఒక ఊరిలో రాత్రి రెండు గంటలకు నా తలుపు తట్టారు. పద్నాలుగేళ్ళ పిల్లవాడు, కింద చాప మీద పడుకున్నవాడు, కడుపునొప్పితో మెలికలు తిరుగుతున్నాడు. ఏదో కుట్టిందన్నాడు, చూస్తే గుర్తు లేదు, వాపు లేదు. వాము నీళ్ళు పట్టించారు. నేను తల మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేశాను. మరల చేశాను. తెల్లవారుజామున వాడు కళ్ళు తెరవలేకపోతుంటే నిద్రపట్టిందని అందరమూ సంతోషించాము. ఆసుపత్రి దారిలో ఆటోలోనే పోయాడు.

ఆమెకు ఇది చెప్పాను. వెంటనే ఏమీ అనలేదు. కొంతసేపటికి, "మంత్రం వేసి బ్రతికించామనేవాళ్ళు అబద్ధమాడరు సార్. ఎక్కువ పాములకు విషం లేదు. విషం ఉన్నవి కూడ ఒక్కోసారి విషం దింపకుండానే కరుస్తాయి. వాళ్ళు ఎలాగూ బ్రతుకుతారు, పేరు మంత్రానికి పోతుంది. అసలు విషం దిగినవాడు వచ్చిన రోజు మాత్రం గంటలు పోతాయి" అన్నది. మన సాక్ష్యపు కూటాలలో విన్న పాముకాటు సాక్ష్యములు కొన్ని నాకు జ్ఞాపకం వచ్చాయి. ప్రార్థన విడువమని నేను చెప్పను. అది ఆటోలో కూర్చొని కూడ చేయవచ్చు.

కాటు వేస్తే ఏమి చేయాలో ఆమె చెప్పినది అలాగే వ్రాస్తున్నాను. కరిచిన మనిషిని నడిపించకూడదు, ధైర్యం చెప్పి ఆ కాలో చెయ్యో విరిగినదానిలాగా కదలకుండా ఉంచాలి. గాజులు, ఉంగరాలు, మెట్టెలు తీసివేయాలి. తాడు బిగించకూడదు, బ్లేడుతో కోయకూడదు, నోటితో పీల్చకూడదు, పసరు పోయకూడదు. పామును పట్టుకొని తెచ్చే పని పెట్టుకోవద్దు. 108కి ఫోను చేసి, లేదా దొరికిన బండిలో, పాముకాటు ఇంజక్షన్ ఉన్న ఆసుపత్రికి పోవాలి. గుర్రాలకు కొద్దికొద్దిగా విషం ఎక్కించి, వాటి రక్తం నుండి తీసే మందు అది. నేను చెప్పిన ఆ నాలుగు పాములకూ ఒకే మందు. రాత్రి మంచం మీద, దోమతెర అంచులు పరుపు కిందికి దోపి పడుకుంటే కట్లపాము భయం చాలా తగ్గుతుంది. చీకట్లో దొడ్డికి పోతే టార్చిలైటు, చెప్పులు.

2000 నుండి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వచ్చిన ఒక పరిశోధన లెక్కకట్టింది. ఏడాదికి సుమారు 58,000. ఎక్కువమంది పల్లెలవారే, ఎక్కువగా వానాకాలంలోనే. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాలలో మన తెలుగు నేల కూడ ఉంది. మేము జూకు వెళ్ళి వచ్చిన రెండు నెలలకు, 2024 మార్చిలో, ఈ మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలని కేంద్ర ప్రభుత్వము ఒక ప్రణాళిక ప్రకటించింది.

బయలుదేరే ముందు ఆమె నన్ను ఒక ప్రశ్న అడిగింది. "సార్, మీ ఊరికి దగ్గరలో ఈ ఇంజక్షన్ ఉండే ఆసుపత్రి ఏది?" నాకు తెలియదు. పదమూడు సంవత్సరాల క్రితం ఒక పిల్లవాణ్ణి పాతిపెట్టిన కాపరిని, అయినా తెలియదు. వ్యానులో వస్తూ తల్లులను అడిగాను, వారికీ తెలియదు. ముసలమ్మ మాత్రం, "పోయి అడగరాదయ్యా" అన్నది.

మరుసటి మంగళవారం సైకిలు మోటారు మీద పోయి మూడు చోట్ల అడిగాను. ఒక చోట మందు ఉంది గాని రాత్రి డాక్టరు ఉండరు. ఒక చోట రెండూ లేవు. మూడవది పంతొమ్మిది కిలోమీటర్లు, రెండూ ఉన్నాయి. ఆ ఆసుపత్రి పేరు, దూరము, రాత్రిపూట బండి ఇస్తానన్న ఇద్దరు సహోదరుల ఫోను నంబర్లు, మందిరము గుమ్మం పక్కన వాక్యము వ్రాసే నల్లబల్ల మీద కింది సగములో వ్రాసి ఉంచాము. మొదటి వాన పడగానే మందు ఇంకా ఉందో లేదో మరల పోయి అడిగి రావడం యౌవనస్థుల పని.